కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ము ఎవరిది?

2022 వేసవిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉన్న శాన్ ఆంటోనియో నగరానికి అనుకోని రాబడి వచ్చింది. నగరం సొంత విద్యుత్, గ్యాస్ సంస్థ సీపీఎస్ ఎనర్జీ నుంచి బడ్జెట్ అంచనా కంటే దాదాపు 7.5 కోట్ల డాలర్లు ఎక్కువ రాబోతున్నట్టు లెక్క తేలింది. అందులో 5 కోట్ల డాలర్లను వినియోగదారులకే బిల్లుల్లో జమ చేసి తిరిగి ఇచ్చేద్దామని నగర పాలనా యంత్రాంగాన్ని నడిపే సిటీ మేనేజర్ ఎరిక్ వాల్ష్ ప్రతిపాదించారు. వినగానే న్యాయంగా తోచే ప్రతిపాదన ఇది. అయినా పాలక మండలిలో దానిపై గట్టి వాదనే నడిచింది. ప్రజల దగ్గర ఎక్కువ వసూలైనప్పుడు వాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చేయడానికి అభ్యంతరమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందు ఆ డబ్బు ఎలా పుట్టిందో తెలియాలి. చాలా చర్చల్లో జరిగే పొరపాటు అక్కడే. మిగులును ఎలా ఖర్చు పెట్టాలో అందరూ మాట్లాడతారు, అది ఎవరి జేబులోంచి ఏ దారిన వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ.

శాన్ ఆంటోనియో తన విద్యుత్ సంస్థను 1942లో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి సుమారు 3.4 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఇప్పుడు ఆ సంస్థకు 9 లక్షలకు పైగా విద్యుత్ కనెక్షన్లు ఉన్నాయి. విద్యుత్తూ గ్యాసూ రెండూ సరఫరా చేసే నగర సంస్థల్లో అమెరికాలో ఇదే పెద్దది. మేయర్‌తో కలిపి ఐదుగురు సభ్యుల బోర్డు దాన్ని నడుపుతుంది. ఛార్జీలు పెంచాలంటే మాత్రం ఎన్నికైన పాలక మండలి ఒప్పుకోవాలి. వాటాదారులు లేరు కాబట్టి డివిడెండ్ పంచే పని లేదు. దాని బదులు సంస్థ రాబడిలో గరిష్ఠంగా 14 శాతం నగర ఖజానాకు చేరుతుంది. పోలీసులు, అగ్నిమాపక దళం, గ్రంథాలయాలు, పార్కులు, రోడ్లు, ఇలా నగరం రోజువారీ పనులకు వాడే సాధారణ నిధిలో సుమారు నాలుగో వంతు ఈ ఒక్క వనరు నుంచే వస్తుంది.

వచ్చిన డబ్బును ఏ వరుసలో వాడాలో, సంస్థ అప్పు తెచ్చేందుకు జారీ చేసిన బాండ్ల ఒప్పందంలోనే రాసి ఉంది. మొదట నిర్వహణ ఖర్చులు, తర్వాత అప్పుల మీద అసలూ వడ్డీ. ఆ తర్వాత మొత్తం రాబడిలో కనీసం 6 శాతం మరమ్మతులు, కొత్త పరికరాల నిధికి. అటు పిమ్మట నగరానికి 14 శాతం వరకు. ఇంకా ఏమైనా మిగిలితే అది మళ్లీ మరమ్మతుల నిధికే. మనం మిగులు అంటున్నది ఈ వరుసలో చివరినుంచి రెండో మెట్టు మీద ఉన్న సొమ్ము.

పద్నాలుగు శాతం దేని మీద?

ఈ వ్యవహారానికి కీలకం ఇక్కడుంది. ఆ 14 శాతాన్ని లాభం మీద లెక్కకట్టరు, మొత్తం రాబడి మీద లెక్కకడతారు. సహజవాయువు ధర పెరిగితే విద్యుత్ ఉత్పత్తి ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఇంధన సర్దుబాటు పేరుతో బిల్లులో చేరుతుంది. బిల్లు పెరిగితే రాబడి పెరుగుతుంది. రాబడి పెరిగితే, సంస్థకు ఒక్క డాలరు లాభం రాకపోయినా, నగరం వాటా పెరుగుతుంది. 2022లో సరిగ్గా అదే జరిగింది. యుక్రెయిన్ యుద్ధం తర్వాత అమెరికాలో సహజవాయువు ధర ఆగస్టులో పది లక్షల బీటీయూకు (గ్యాస్‌ను వేడి లెక్కన కొలిచే ప్రమాణం) 9 డాలర్లు దాటింది. అంతకు రెండేళ్ల ముందు అది 2 డాలర్ల దగ్గర ఉండేది. దానికి ఎండలు తోడయ్యాయి. మే నెలలోనే ఏసీలు ఆపకుండా నడపాల్సి వచ్చింది. ఇది ఒక పాయ.

రెండో పాయ టోకు మార్కెట్. టెక్సస్ గ్రిడ్‌ను ఎర్కాట్ అనే సంస్థ నిర్వహిస్తుంది. అక్కడ గిరాకీని బట్టి కరెంటు ధర గంట గంటకూ మారుతుంది. సీపీఎస్‌కు సొంత గ్యాస్, బొగ్గు ప్లాంట్లతో పాటు సౌత్ టెక్సస్ అణు విద్యుత్ కేంద్రంలో అప్పట్లో 40 శాతం వాటా ఉండేది. తన నగరానికి పోగా మిగిలిన కరెంటును ఆ మార్కెట్లో మంచి ధరకు అమ్ముకోగలదు. ఎండలు మండిన ఆ వేసవిలో అలాగే అమ్ముకుంది.

అంటే ఈ రాబడిలో కొంత స్థానికుల బిల్లుల్లోంచి, కొంత బయటివాళ్లు కొన్న కరెంటు నుంచి వచ్చింది. రెండోది బయటి సొమ్మే కదా, నగరం ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చు కదా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ ప్లాంట్ల అప్పులు దశాబ్దాలుగా తీర్చింది స్థానిక వినియోగదారులే. మార్కెట్ తిరగబడినప్పుడు దెబ్బ తిన్నదీ వాళ్లే.

ఆ దెబ్బ ఎంతటిదో అప్పటికి ఏడాదిన్నర కిందటే చూశారు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ గ్రిడ్ కుప్పకూలే దాకా వచ్చింది. లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. రాష్ట్ర ప్రభుత్వ లెక్కల ప్రకారమే 246 మంది చనిపోయారు. ఆ రోజుల్లో టోకు మార్కెట్లో కరెంటు ధర మెగావాట్ అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితిని తాకి అక్కడే నిలిచింది. మామూలు రోజుల్లో అది కొన్ని పదుల డాలర్లు. ఆ కొద్ది రోజుల గ్యాస్, కరెంటు కొనుగోళ్లకు సీపీఎస్ మీద పడిన భారం దాదాపు 100 కోట్ల డాలర్లు. సంస్థ కోర్టులకు వెళ్లింది. ఎంతో కొంత కట్టక తప్పలేదు. ఆ ఖర్చును 25 ఏళ్లకు విభజించి సగటు ఇంటి బిల్లులో నెలకు 1.26 డాలర్ల చొప్పున వేశారు. దానితో పాటు 2022 జనవరిలో మూల ఛార్జీని 3.85 శాతం పెంచారు. 2014 తర్వాత అదే మొదటి పెంపు.

జనవరిలో ఛార్జీ పెంచిన నగరమే ఆగస్టులో తన ఖజానాలో కోట్ల డాలర్లు ఎక్కువ పడ్డాయని ప్రకటిస్తే జనానికి ఎలా ఉంటుంది? తిరిగి ఇచ్చేద్దామన్న వాల్ష్ ప్రతిపాదన వెనుక బలమైన కారణం ఇదేనని నా అభిప్రాయం. లెక్కల కంటే నమ్మకం నిలబెట్టుకోవడం ముఖ్యమైన సమయం అది. ఆ మేరకు ఆ ఆలోచనను నేను గౌరవిస్తాను.

31 డాలర్ల లెక్క

సెప్టెంబరులో మండలి ఆమోదించిన రూపంలో ఆ సొమ్ములో సింహభాగం బిల్లుల జమకు వెళ్లింది. కొంత భాగాన్ని బకాయిలు కట్టలేని పేద కుటుంబాల సహాయానికి పక్కన పెట్టారు. జమ ఎంతన్నది జులై బిల్లును బట్టి నిర్ణయించారు. ఎక్కువ వాడినవారికి ఎక్కువ, తక్కువ వాడినవారికి తక్కువ. సగటున ఇంటికి 31 డాలర్లు వచ్చాయి. అది జులై బిల్లులో సుమారు 13 శాతం. శాన్ ఆంటోనియోలో ఉండే తెలుగు కుటుంబాలకూ ఆ శరదృతువులో బిల్లులో ఒక వరుస తగ్గింపుగా కనిపించి ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 13 శాతానికి 31 డాలర్లు అయితే సగటు జులై బిల్లు దాదాపు 240 డాలర్లు. అందులో నగరం వాటా 14 శాతం, అంటే 33 డాలర్ల పైచిలుకు. నగరం ఆ నెలలో తీసుకున్న తన వాటానే దాదాపు మొత్తంగా వెనక్కి ఇచ్చిందన్నమాట. ఆ కోణంలో ఇది చక్కగా కుదిరిన లెక్క. ఎవరు ఎంత కట్టారో వాళ్లకు అంతే అందింది.

ఇబ్బందీ సరిగ్గా అక్కడే. రెండు పడక గదుల అపార్ట్‌మెంట్‌లో ఏసీని వీలైనంత తక్కువగా నడుపుకునే కుటుంబం జులై బిల్లు 120 డాలర్లు అనుకుందాం. వాళ్లకు వచ్చేది 16 డాలర్ల లోపు. ఈత కొలను, రెండు పెద్ద ఏసీ యంత్రాలు ఉన్న ఇంటి బిల్లు 600 డాలర్లయితే వాళ్లకు 78 డాలర్లు. మొదటి కుటుంబానికి ఆ 16 డాలర్లతో ఏ బాధా తీరదు. రెండో కుటుంబం ఆ 78 డాలర్లను గమనించను కూడా గమనించదు. అద్దెలోనే కరెంటు కలిసి ఉండి, బిల్లు ఇంటి యజమాని పేరున వస్తే జమ కూడా యజమానికే పోతుంది. ఆ గదిలో ఎండకు ఉడికిపోయిన మనిషికి ఏమీ అందదు. శాన్ ఆంటోనియో అమెరికాలోని పెద్ద నగరాల్లో పేదరికం ఎక్కువగా ఉన్న వాటిలో ఒకటి. 5 కోట్ల డాలర్లలో సింహభాగాన్ని 9 లక్షల బిల్లుల మీద చల్లితే ప్రతి చోటా తడి మాత్రమే తగిలింది, ఎక్కడా వేరుదాకా దిగలేదు.

ఇంకో దారి ఉంది, మండలిలో కొందరు దానికోసం పట్టుబట్టారు. ఈ డబ్బుతో పాత ఇళ్లకు వేడిని ఆపే ఏర్పాట్లు చేయించాలన్నారు. నగరం పడమర, దక్షిణ భాగాల్లో దశాబ్దాల నాటి చెక్క ఇళ్లు చాలా ఉన్నాయి. పైకప్పు కింద వేడిని నిలువరించే పొర ఉండదు, తలుపుల కింద వేలు దూరే సందులుంటాయి, కిటికీకి బిగించిన చిన్న ఏసీ రాత్రింబగళ్లు నడిచినా గది చల్లబడదు. ఇలాంటి ఇంట్లో ఉండేవాళ్లు చదరపు అడుగుకు లెక్కేస్తే ధనికుల కంటే ఎక్కువ కరెంటు ఖర్చు చేస్తారు. పేద ఇళ్లలో ఇలాంటి పనులు ఉచితంగా చేయించే పథకం సీపీఎస్‌కు ఎప్పటినుంచో ఉంది, పేరు కాసా వెర్దే. ఒక ఇంటికి 10,000 డాలర్లు ఖర్చవుతుందనుకుంటే 5 కోట్ల డాలర్లతో 5,000 ఇళ్లు బాగుపడతాయి. ఆ ఇళ్ల బిల్లు ఒక నెల కాకుండా ఏటా, పదిహేనూ ఇరవై ఏళ్లపాటు తగ్గుతుంది. సాయంత్రం గిరాకీ ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు గ్రిడ్ మీద భారమూ అంతమేరకు తగ్గుతుంది. ఆ ప్రయోజనం ఈత కొలను ఉన్న ఇంటికీ చేరుతుంది, ఎందుకంటే ఖరీదైన గంటల్లో కరెంటు కొనే అవసరం తగ్గితే అందరి ఇంధన ఛార్జీ దిగుతుంది.

దీనికి ఎదురయ్యే నిజమైన అభ్యంతరం ఒక్కటే, 5,000 ఇళ్లను ఎవరు ఎంపిక చేస్తారు? తక్కిన 9 లక్షల మందికి ఏం చెబుతారు? ఇది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. అయితే దానికి జవాబు దొరకదని కూడా కాదు. బకాయిల జాబితా, ఇంటి వయసు, విస్తీర్ణానికి మించిన వాడకం, ఈ మూడూ విద్యుత్ సంస్థ దగ్గరా నగరం దగ్గరా ఇప్పటికే ఉన్న సమాచారం.

ఆస్తి పన్ను తగ్గించడానికి వాడాలన్న వాదనా వినిపించింది. దాని మీద ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఇల్లున్నవారికే అది నేరుగా అందుతుంది, అద్దెకుండేవాళ్లకు అందదు. కరెంటు బిల్లు మాత్రం ఇద్దరూ కట్టారు. పైగా శాన్ ఆంటోనియో ఆ ఏడాదే సొంత ఇళ్ల పన్ను మినహాయింపును నామమాత్రం నుంచి 10 శాతానికి, మరుసటి ఏడాది 20 శాతానికి పెంచింది.

అలవాటు పడితే

నగరం విద్యుత్ సంస్థ నుంచి వాటా తీసుకోవడమే తప్పని వాదించేవారు అమెరికాలో చాలామంది ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ప్రైవేటు కంపెనీ అయితే ఆస్తి పన్ను, ఆదాయపు పన్ను కట్టేది, వీధి తవ్వినందుకు రుసుము చెల్లించేది. నగర సంస్థ అవేవీ కట్టదు కాబట్టి ఏదో ఒక వాటా ఇవ్వడం సమంజసం. శాన్ ఆంటోనియోలో ఇంకో ప్రత్యేక కారణం కూడా ఉంది. అక్కడ భారీ సైనిక స్థావరాలున్నాయి. వాటి మీద ఆస్తి పన్ను వేయడానికి వీల్లేదు. కరెంటు బిల్లు మాత్రం అవి కడతాయి. విశ్వవిద్యాలయాలు, చర్చిలు కూడా అంతే. నగరం వేసే రోడ్లు, నడిపే అగ్నిమాపక దళం సేవలు పొందుతూ పన్ను కట్టని వారి నుంచి కొంత రాబట్టే దారి ఈ 14 శాతమే.

తప్పు జరిగేది ఆ వాటా మీద నగరం పూర్తిగా వాలిపోయినప్పుడు. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ నగరం కథ దీనికి ఉదాహరణ. అక్కడి నగర విద్యుత్ సంస్థ 2017లో చెక్క వ్యర్థాలతో కరెంటు తీసే ఒక బయోమాస్ ప్లాంటును 75 కోట్ల డాలర్లకు కొంది. అప్పులు కొండలా పెరిగాయి, ఛార్జీలు రాష్ట్రంలోనే ఎక్కువ స్థాయికి చేరాయి. అయినా నగర ఖజానాకు ఏటా 3 కోట్ల డాలర్లకు పైగా బదిలీ ఆగలేదు, ఎందుకంటే ఆ డబ్బుతోనే జీతాలు నడుస్తున్నాయి. చివరికి 2023లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఆ సంస్థను నగరం చేతుల్లోంచి తీసి గవర్నర్ నియమించే బోర్డుకు అప్పగించింది. బదిలీని సగానికి పైగా కోసేశారు. 2024 నవంబరులో ఓటర్లు సంస్థను తిరిగి నగరానికే ఇవ్వాలని ఓటేసినా వ్యవహారం కోర్టుల పాలైంది. ప్రతి ఏడాదీ వస్తుందో రాదో తెలియని డబ్బును ప్రతి నెలా ఇవ్వాల్సిన జీతాలకు ముడిపెడితే ఏమవుతుందో ఈ ఊరు చూపించింది.

కాలిఫోర్నియాలో ఈ తగాదాను ఓటర్ల దగ్గరే తేల్చుకోవాలి. అక్కడ సేవకు అయ్యే ఖర్చును మించి వసూలు చేసే ఛార్జీని 2010 నుంచి రాజ్యాంగం పన్నుగానే పరిగణిస్తుంది, పన్నుకు ఓటర్ల అనుమతి కావాలి. పాలో ఆల్టో నగరం తన గ్యాస్ సంస్థ రాబడిలో 18 శాతం వరకు ఖజానాకు మళ్లించుకోవడానికి 2022 నవంబరులో ఓటర్లను అడిగింది, వాళ్లు ఒప్పుకున్నారు. మంచి పద్ధతి. తీసుకునేది ఎంతో, ఎందుకో ముందే చెప్పి తీసుకున్నారు.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉండే ఉదాహరణ ముంబైలో కరెంటూ సిటీ బస్సులూ రెండూ చూసే నగర సంస్థ బెస్ట్. 1947 ఆగస్టులో బొంబాయి మునిసిపాలిటీ విద్యుత్, ట్రామ్ కంపెనీని తన చేతుల్లోకి తీసుకుంది. దశాబ్దాల పాటు కరెంటు మిగులుతోనే బస్సుల నష్టం పూడ్చుకుంటూ వచ్చింది. కొలాబా నుంచి సయన్, మాహిం దాకా ఉన్న పాత నగరంలోనే బెస్ట్ కరెంటు అమ్ముతుంది, బస్సులు మాత్రం శివార్లన్నీ తిరుగుతాయి. దక్షిణ ముంబై దుకాణదారు కట్టిన బిల్లులో కొంత శివారు నుంచి పనికొచ్చే మనిషి టికెట్‌ను చవక చేసేది. ఆ మనిషి రాకపోతే ఆ దుకాణం నడవదు కాబట్టి నాకు ఇది అన్యాయంగా అనిపించదు. 2003 విద్యుత్ చట్టం 51వ సెక్షన్‌లో, చట్టానికి ముందు నుంచే కరెంటు పంపిణీ చేస్తున్న స్థానిక సంస్థలకు ఇతర వ్యాపారాల నిబంధన నుంచి మినహాయింపు కూడా పెట్టారు. కానీ బస్సుల నష్టం పెరిగేకొద్దీ, మిగులులోంచి పూడ్చడం పోయి, నష్టాన్ని కరెంటు ఛార్జీలోనే వడ్డించే స్థితి వచ్చింది. అప్పుడు వినియోగదారులు ఎదురుతిరిగారు, నియంత్రణ మండలి ముందు, కోర్టుల్లో పోరాడారు. ఆ దారి మూసుకుపోయాక బస్సులు నగరపాలక సంస్థ గ్రాంట్ల మీద ఆధారపడ్డాయి. మిగిలింది పంచుకోవడం వేరు, పంచుకోవడం కోసం వసూలు చేయడం వేరు. బెస్ట్ మొదటి దాని నుంచి రెండో దానికి ఎప్పుడు జారిందో స్పష్టంగా చెప్పగల తేదీ లేదు, అందుకే అది ప్రమాదం.

తెలుగు రాష్ట్రాల్లో ఏ నగరానికీ సొంత కరెంటు సంస్థ లేదు, కరెంటు పంపిణీ చేసే డిస్కంలు రాష్ట్ర ప్రభుత్వాలవి. అందుకే మన బిల్లుల్లో ఈ చర్చ ట్రూ అప్ రూపంలో కనిపిస్తుంది. కొనుగోలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడాను తర్వాతి నెలల్లో మన దగ్గరే వసూలు చేస్తారు. ఖర్చు తగ్గితే ట్రూ డౌన్ పేరుతో తిరిగి ఇవ్వాలి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ నియంత్రణ మండలి అలాంటి ఆదేశమే ఇచ్చింది, యూనిట్‌కు కొన్ని పైసల చొప్పున. ఇక్కడ నగరానికి ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు, నియమం ముందే ఉంది. శాన్ ఆంటోనియోలో లోపించింది సరిగ్గా ఆ ముందస్తు నియమమే. డబ్బు వచ్చాక ఏం చేయాలో చర్చించడం మొదలుపెడితే, ఆ ఏడాది ఎన్నికలు, ఆ ఏడాది కోపం, ఆ ఏడాది గొంతులే నిర్ణయిస్తాయి.

నా అభిప్రాయం ఇది. నగరం బడ్జెట్ వేసుకునేటప్పుడు విద్యుత్ సంస్థ నుంచి వచ్చే వాటాను గత ఐదేళ్ల సగటు మీద లెక్కకట్టాలి. జీతాలూ సేవలూ ఆ సగటులోనే సరిపెట్టుకోవాలి. సగటును మించి వచ్చిన ప్రతి డాలరునూ అనుకోని రాబడిగా విడిగా చూపించాలి. అందులో సగం విద్యుత్ సంస్థ దగ్గరే ఒక నిల్వగా ఉంచాలి, ఇంకో మంచు తుఫాను వచ్చి కరెంటు ధర ఆకాశాన్నంటినప్పుడు 25 ఏళ్ల వాయిదాలు జనం నెత్తిన పడకుండా. మిగిలిన సగం పాత ఇళ్ల బాగుకు, బకాయిల్లో కూరుకుపోయిన కుటుంబాలకు. వీటికి పోయాక కూడా ఏమైనా మిగిలితే బిల్లుల్లో జమ చేయవచ్చు, అయితే వాడకాన్ని బట్టి కాకుండా కనెక్షన్‌కు ఇంత అని సమానంగా. అప్పుడు 120 డాలర్ల బిల్లుకూ 600 డాలర్ల బిల్లుకూ అందేది ఒకటే అవుతుంది. తన వాటా తాను కట్టానని ధనిక వినియోగదారు అడగవచ్చు. ఆయనకు చెప్పాల్సింది, ఆ వాటాలో సగం ఆయన గ్రిడ్ భద్రతకే వెళ్లిందని.

వాడకాన్ని బట్టి ఇవ్వకూడదనడానికి ఇంకో కారణమూ ఉంది. ఎండాకాలంలో ఎక్కువ వాడిన వారికి ఎక్కువ జమ ఇస్తే, కొరత రోజుల్లో పొదుపు చేసినవారికి శిక్ష వేసినట్టవుతుంది. సాయంత్రం గిరాకీ ఎక్కువగా ఉండే వేళల్లో ఏసీ కాస్త తగ్గించమని సీపీఎస్ స్వయంగా జనాన్ని వేడుకుంటూ ఉంటుంది. ఆ మాట విన్న ఇంటికి తక్కువ, వినని ఇంటికి ఎక్కువ జమ చేయడం ఏ విధంగా చూసినా పొసగదు.

ఈ నియమం రాయడానికి సమయం కూడా ముఖ్యం. శాన్ ఆంటోనియో ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, బడ్జెట్ మీద ఓటు సెప్టెంబరులో పడుతుంది. వేసవి రాబడి ఎంతో ఆగస్టుకు తెలిసిపోతుంది. అప్పటికి ఆ సొమ్ము మీద కన్నేసిన వాళ్ల జాబితా పెద్దదై ఉంటుంది. కాబట్టి నియమాన్ని చలికాలంలో, ఇంకా ఎవరికీ ఎంత వస్తుందో తెలియనప్పుడే ఆమోదించాలి. 2023 వేసవిలో శాన్ ఆంటోనియోలో ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 38 సెల్సియస్, తాకిన లేదా దాటిన రోజులు 75. అది ఆ నగరం చరిత్రలోనే రికార్డు. 2022 లాంటి రాబడి మళ్లీ రాదని ఏ బడ్జెట్ అధికారీ హామీ ఇవ్వలేరు.